గీసిన కాగితం లండన్‌లో, నేసిన తెర రోమ్‌లో

మా వీధిలోకి అప్పుడప్పుడు ఓ ఆటో వస్తుంది. పైన మైకు పెట్టుకుని, "పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం" అని రికార్డు చేసిన గొంతుతో సందు సందూ తిరుగుతుంది. పెళ్లినాటి చీర తీసుకెళ్లి చూపిస్తే ఆ మనిషి అంచులో హంసలున్నాయా, మామిడి పిందెలున్నాయా అని చూడడు. జరీని గోటితో గీకి, తూకం వేసి, ఓ లెక్క చెబుతాడు. ఆ చీర తర్వాత ఏమవుతుందో అందరికీ తెలిసిందే. కాల్చేస్తారు. బూడిదలోంచి వెండి తీస్తారు.

1797లో ఫ్రాన్స్‌లో అచ్చం ఇదే జరిగింది. మంటల్లో పడ్డవి చీరలు కావు, రాజు మొదటి ఫ్రాన్సిస్ రెండున్నర శతాబ్దాల కిందట తెప్పించుకున్న పెద్ద పెద్ద గోడ తెరలు. వాటి మీది బొమ్మలు రఫాయెల్‌వి. ఇటలీ పునరుజ్జీవన కాలంలో లియొనార్డో, మైకెలాంజెలోలతో కలిపి చెప్పుకునే ఆ రఫాయెల్‌వే. విప్లవం తర్వాతి ప్రభుత్వానికి డబ్బు అవసరమైంది, తెరల్లో బంగారు పూత పూసిన వెండి పోగు కనబడింది. అంతే.

రఫాయెల్ వేసిన పెయింటింగ్‌ను పొయ్యిలో పెట్టాలని ఎవరికైనా తోస్తుందా? తోచదు. మరి అదే బొమ్మ బట్టలోకి వచ్చేసరికి వెండి ముద్దలా ఎందుకు కనబడింది? అదే తెరల కోసం రఫాయెల్ కాగితం మీద వేసిచ్చిన నమూనాల సంగతి ఇంకో వింత. నేతగాళ్లు ముక్కలుగా కోసుకుని, పిన్నులతో పొడిచి వాడుకున్న కాగితాలవి. ఇవాళ లండన్‌లో ఓ పెద్ద హాలు మొత్తం వాటికే ఇచ్చి, మహా కళాఖండాలుగా చూపిస్తున్నారు. పనిముట్టు కళ అయింది, కళ తుక్కు అయింది. ఈ తారుమారు ఎలా జరిగిందో తెలియాలంటే ఆ తెరలు ఎందుకు పుట్టాయో, ఎలా నేశారో, ఎంత ఖర్చయిందో కొంచెం నిదానంగా చూడాలి.

మిగిలిన కింది వరస

రోమ్‌లో పోప్‌ల సొంత ప్రార్థనా మందిరమైన సిస్టీన్ చాపెల్ అనగానే అందరి మెడా పైకి తిరుగుతుంది. కప్పు మీద మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసిన బొమ్మలు అలాంటివి. కప్పు నుంచి చూపు కిందికి దించితే గోడల మధ్య వరసలో ఒక పక్క మోషే కథ, ఇంకో పక్క క్రీస్తు కథ ఉంటాయి. వాటిని 1481, 82లలో బొత్తిచెల్లి, పెరుజినో, గిర్లాందాయో, రోసెల్లి తమ శిష్యులతో కలిసి వేశారు. ఇంకా కిందికి, మనిషి ఎత్తుకు వస్తే, గోడ మీద జలతారు బట్ట వేలాడదీసినట్టు వేసిన బొమ్మ ఉంటుంది. టూరిస్టులు దానికి వీపు ఆనించి కప్పు కేసి చూస్తుంటారు.

1513లో పోప్ అయిన పదో లియోకు ఆ కింది వరసే దొరికింది. ఆయన ఫ్లోరెన్సును ఏలిన మెదిచీ వంశం వాడు, కళల మీద డబ్బు నీళ్లలా ఖర్చు పెట్టడం ఇంటి అలవాటు. గోడలు ముందటి పోప్ నాలుగో సిక్స్‌టస్ పేరు మీద, కప్పు ఇంకో పోప్ రెండో జూలియస్ పేరు మీద పోయాయి. బొమ్మ తెరలున్న చోట పండగ రోజుల్లో నిజం తెరలు కట్టే ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఆ తెరలేవో తన పేరు నిలిచేలా ఉండాలనుకున్నాడు. డిజైన్ పని రఫాయెల్‌కు ఇచ్చాడు. 1515 జూన్‌లో ఒకసారి, 1516 డిసెంబరులో ఇంకోసారి రఫాయెల్‌కు డబ్బు ముట్టినట్టు లెక్కల్లో ఉంది. అప్పటికి రఫాయెల్ చేతినిండా పనులే. సెయింట్ పీటర్స్ చర్చి నిర్మాణం ఆయన నెత్తిమీదే ఉంది, వాటికన్ గదుల గోడలకు బొమ్మలు కూడా వేయిస్తున్నాడు.

కథలు బైబిల్లోవి. తెలుగు బైబిల్ చదివిన వాళ్లకు పేర్లు చెబితే చాలు. పేతురు వైపు నాలుగు: గెన్నేసరెతు సరస్సులో వలలు తెగేటన్ని చేపలు పడటం, "నా గొర్రెలను మేపుము" అని క్రీస్తు పేతురుకు తాళపుచెవులు అప్పగించడం, దేవాలయం గుమ్మం దగ్గర కుంటివాణ్ని లేపి నడిపించడం, పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకున్న అననీయ కుప్పకూలడం. పౌలు వైపు ఆరు: స్తెఫనును రాళ్లతో కొట్టడం, దమస్కు దారిలో సౌలు పడిపోవడం, గారడీవాడు ఎలుమ కళ్లు పోవడం, లుస్త్రలో జనం పౌలు బర్నబాలను దేవుళ్లనుకుని ఎద్దును బలివ్వబోవడం, చెరసాలలో భూకంపం, ఏథెన్సులో ప్రసంగం. మొత్తం పది. మొదటి పోప్‌గా రోమన్ కాథలిక్కులు భావించే పేతురు ఒక వైపు, పరజాతులకు సువార్త మోసిన పౌలు ఇంకో వైపు. చాపెల్‌లో కూర్చున్న కార్డినళ్లకు, వాళ్లను చూసే రాయబారులకు, 'మా అధికారం ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి' అని చెప్పే బొమ్మలివి. కొన్ని తెరల కింది అంచుల్లో కంచు శిల్పాల్లా కనిపించే చిన్న బొమ్మల్లో లియో తన సొంత జీవిత కథ కూడా నేయించుకున్నాడు. పేతురు పాదాల కింద తన చరిత్ర! వినయమో గర్వమో ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

కార్టూన్ అంటే నవ్వించేది కాదు

నేతగాడికి ఇచ్చే పూర్తి సైజు రంగుల నమూనాను కార్టూన్ అంటారు. దళసరి కాగితానికి ఇటాలియన్‌లో ఉన్న కార్తోనే అనే మాట నుంచి వచ్చింది. సామాన్లు వచ్చే అట్టపెట్టెను కార్టన్ అంటాం కదా, రెండూ ఒక తల్లి పిల్లలే. పేపర్లో నవ్వించే బొమ్మకు ఆ పేరు రావడం చాలా తర్వాతి ముచ్చట. 1843లో లండన్‌లో పార్లమెంటు కొత్త భవనం గోడల కోసం నమూనాల ప్రదర్శన పెడితే, పంచ్ అనే పత్రిక దాన్ని ఎగతాళి చేస్తూ తన వ్యంగ్య చిత్రానికి కూడా కార్టూన్ అని పేరు పెట్టింది. ఆ ఎగతాళే నిలబడిపోయింది.

రఫాయెల్ కార్టూన్లు ఒక్కోటీ మూడు మీటర్లకు పైగా ఎత్తు, వెడల్పు కొన్నిటికి అయిదు మీటర్ల దాకా. అంత కాగితం ఒకే ముక్కగా దొరకదు కాబట్టి చిన్న షీట్లు ఎన్నో అంటించి, దాని మీద బొగ్గుతో గీసి, జిగురులో కలిపిన రంగులు వేశారు. 'వేశారు' అని బహువచనం కావాలనే వాడాను. ఇంత పని ఒక్క మనిషి చేతుల మీద జరగదు. జూలియో రొమానో, పెన్నీ, పక్షులూ చేపలూ వేయడంలో ఆరితేరిన జొవాన్ని ద ఉదినె లాంటి శిష్యులు రఫాయెల్ వర్క్‌షాపులో ఉన్నారు. ఏ చెయ్యి ఎవరిదన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అంటే 'రఫాయెల్ బొమ్మ' అన్న మాట, మగ్గం దగ్గరికి వెళ్లకముందే, కొంచెం వదులుగా వాడుతున్నాం.

చేపల కార్టూన్‌లో పడవలు చూస్తే నవ్వొస్తుంది. అంత భారీ మనుషులు ఆ బుల్లి పడవల్లో ఎక్కితే నిజంగా మునిగిపోతారు. రఫాయెల్‌కు ఆ సంగతి తెలియదనుకోలేం. పడవ సైజు సరిచేస్తే మనుషులు చిన్నవాళ్లవుతారు, దూరం నుంచి చూసేవాళ్లకు ముఖాలు కనబడవు. పైన మైకెలాంజెలో మనుషులు కండలు తిరిగి ఉన్నారు, కింద వీళ్లు చీమల్లా ఉంటే ఎలా? కాబట్టి పడవే చిక్కిపోయింది.

బొమ్మే బట్ట

కార్టూన్లు రోమ్ నుంచి బ్రస్సెల్స్ వెళ్లాయి. ఇలాంటి నేత పని అప్పట్లో అక్కడ జరిగినంత గొప్పగా ఇంకెక్కడా జరగదు. అంతకు ముందు ఆ పేరు ఉత్తర ఫ్రాన్స్‌లోని అరాస్ ఊరిది. ఇటాలియన్లు ఇప్పటికీ ఇలాంటి తెరను అరాత్సో అనే అంటారు, మనం గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి అని ఊరి పేరుతోనే చీరను పిలిచినట్టు.

ఇలాంటి గోడ తెరను ఇంగ్లీషులో టాపెస్ట్రీ అంటారు. ఆ నేత అర్థం కావాలంటే మనకు చీరే మంచి దారి. మామూలు చీరలో పేక పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోయి వెనక్కి వస్తుంది. బుటా కావాలంటే దానికి తోడు ఇంకో పోగు కలుపుతారు. వెంకటగిరి జాందానీలో పువ్వున్న చోటే తిరిగే పోగు వేరే ఉంటుంది కానీ, కింద అసలు పేక తన దారిన తాను పోతూనే ఉంటుంది. పువ్వు పోగు లాగేసినా చీర మిగులుతుంది.

టాపెస్ట్రీలో ఆ అసలు పేకే లేదు. ఎర్ర దుప్పటి ఉన్న చోట ఎర్ర పోగు, దాని పొలిమేర దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. పక్కన ఆకాశం ఉంటే నీలం పోగు తన హద్దులో తాను తిరుగుతుంది. ఒకే వరసలో పదులకొద్దీ చిన్న కండెలు, ఒక్కోదానికీ ఒక్కో చిన్న రాజ్యం. పేకను దగ్గరగా కొట్టడంతో పడుగు మొత్తం కప్పుకుపోతుంది. బొమ్మ తీసేస్తే కింద ఏమీ మిగలదు, ఉత్త పడుగు తప్ప. గద్వాల చీరలో ఒంటి పేకా అంచు పేకా ఒకదాన్నొకటి మెలేసుకునే చోటు చూసిన వాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు. కాకపోతే అక్కడ ఆ మెలిక రెండు అంచుల దగ్గరే. ఇక్కడ ఒక్క ముసలివాడి ముఖంలోనే లెక్కలేనన్ని హద్దులు. కొన్ని హద్దుల దగ్గర మెలిక వేయకుండా చీలిక వదిలేసి, తర్వాత సూదితో కుట్టేవారు.

ఛాయలు ఎలా వస్తాయి? పెయింటర్ అయితే తడి రంగుల్ని వేలితో కలిపేస్తాడు. పోగులు అలా కలవవు. ముదురు రంగు పోగును దువ్వెన పళ్లలా లేత రంగులోకి చొప్పించి, లేత రంగును ముదురులోకి చొప్పించి, దూరం నుంచి కన్ను మోసపోయేలా చేస్తారు. ఉన్ని పోగు వెలుగును మింగుతుంది, పట్టు మెరుస్తుంది, జరీ తళుక్కుమంటుంది. కాబట్టి నీడలకు ఉన్ని, వెలుగులకు పట్టు, అన్నిటికన్నా మెరవాల్సిన చోట జరీ. ఆ జరీ మన పాత జరీ లాంటిదే, బంగారు పూత పూసిన సన్నటి వెండి రేకును పట్టు దారానికి చుట్టింది.

ఇక అన్నిటికన్నా తికమక పెట్టే విషయం. బ్రస్సెల్స్ మగ్గం మన మగ్గంలా అడ్డంగా పరుచుకుని ఉంటుంది, కింద తొక్కుడు కర్రలుంటాయి. కార్టూన్‌ను నిలువు పట్టీలుగా కోసి, పడుగు కింద పెట్టి, పోగుల సందుల్లోంచి చూస్తూ నేస్తారు. నేసేవాడికి కనబడేది తెర వెనక వైపు, పోగుల చివర్లు వేలాడుతుండే వైపు. ముందు వైపు నేలకేసి ఉంటుంది. అందువల్ల పూర్తయిన తెరను తిప్పి గోడకు కడితే బొమ్మ కుడి ఎడమలు మారిపోతాయి. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగబడి ఉండి కాగితం మీద సరిగ్గా పడ్డట్టు. తెరలో కుడి చేత్తో దీవించాలంటే కార్టూన్‌లో ఎడమ చేత్తో దీవించాలి. ఎవడు ఎటు నుంచి నడిచొస్తాడో, వెలుగు ఎటు నుంచి పడుతుందో, అన్నీ తలలో తిప్పి గీయాలి.

ఇంకా ఉంది. బొమ్మను నిలువుగా కాదు, పక్కకు పడుకోబెట్టి నేస్తారు. నేసినంత మేరా దోనెకు, అంటే బట్ట చుట్టే కర్రకు, చుట్టేస్తూ పోతారు. వాళ్లకు ఒక్కసారిగా కనబడేది జానెడో మూరెడో. పేతురు పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా పోవడం కాదు, భుజం పక్క నుంచి మొదలై రెండో భుజం దాకా. అదీ వెనక నుంచి. ముఖాలూ చేతులూ నేయడానికి ఆరితేరిన వాళ్లు వేరే ఉండేవారు. మంచి నేతగాడు మేలు రకం తెరను నెలకు అర చదరపు గజం నేస్తే గొప్ప అని ఆ చేతిపని ఎరిగినవాళ్ల అంచనా. ఒక్కో తెర మీద పక్కపక్కన పలువురు కూర్చున్నా నెలల పని.

కార్టూన్ల గీతల వెంబడి పిన్ను పోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మన మగ్గం వర్క్ షాపుల్లో ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్‌ను సూదితో పొడిచి, పైన చాక్ పొడి రుద్ది బ్లౌజు గుడ్డ మీదికి దించుతారే, అదే పద్ధతి. రఫాయెల్ కాగితానికి మర్యాద ఏమీ జరగలేదు. దాన్ని కోశారు, పొడిచారు, నలిపారు. పనిముట్టును వాడినట్టే వాడారు.

మాస్టర్ వీవర్, కూలీ, డిజైనర్

బ్రస్సెల్స్‌లో ఈ పని ఒప్పుకున్నది పీటర్ వాన్ ఆల్స్ట్. చరిత్ర పుస్తకాలు ఆయన్ను నేతగాడు అంటాయి. మన చేనేత ఊళ్ల మాటలో చెప్పాలంటే ఆయన మాస్టర్ వీవర్. పెట్టుబడి పెట్టి, పట్టూ జరీ తెప్పించి, మగ్గాల మీద మనుషుల్ని కూర్చోబెట్టి, సరుకు ఒప్పజెప్పే ఆసామి. మగ్గం మీద వెన్ను వంచిన వాళ్ల పేర్లు రఫాయెల్ తెరల కథలో ఎక్కడా వినిపించవు. ఈ సంగతి మాత్రం మన దగ్గరా కొత్తేమీ కాదు.

డబ్బు లెక్కలు చూస్తే అప్పటి వాళ్లు దేన్ని విలువైనదిగా చూశారో తెలుస్తుంది. రఫాయెల్‌కు కార్టూన్‌కు 100 డకెట్ల (అప్పటి బంగారు నాణేల) చొప్పున పదికి 1000 ముట్టిందని వెనిస్ వాడొకడు ఆ రోజుల్లోనే రాసుకున్నాడు. నేతకు అయిన ఖర్చు ఒక్కో తెరకు 1500 అని ఒకరు, 2000 అని ఇంకొకరు. తక్కువ లెక్కే తీసుకున్నా పదికీ 15 వేలు. మైకెలాంజెలోకు మొత్తం కప్పుకు ముట్టింది సుమారు 3000. అంటే ఇవాళ మనం మెడలు నొప్పెట్టేలా చూసే ఆ కప్పు కన్నా, చూడకుండా దాటిపోయే గోడ కింది తెరలకు అయిదింతలు ఖర్చయింది. పట్టు, వెండి, బంగారం, మనుషుల నెలలూ సంవత్సరాలూ. ఖజానా ఎంత లోతుగా తవ్వుకుంటున్నారో చూడండి. తెరలు మగ్గం మీదున్న 1517లోనే జర్మనీలో మార్టిన్ లూథర్ పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద గొంతెత్తాడు. ఆ అమ్మకాల డబ్బు వెళ్లేది సెయింట్ పీటర్స్ కట్టుబడికి, తెరలకు కాదు. అయినా చెయ్యి ఒకటే.

1517 జూలైలో బ్రస్సెల్స్ మీదుగా వెళ్లిన ఓ కార్డినల్ కార్యదర్శి, పేతురుకు తాళపుచెవులు అప్పగించే తెర అప్పటికే పూర్తయిందని రాసుకున్నాడు. 1519 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, వచ్చినంత వరకు ఏడు తెరలను సిస్టీన్‌లో కట్టారు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. లోకంలో ఇంతకన్నా అందమైనది లేదని పోప్ కొలువులో వేడుకలు నడిపే అధికారి రాసుకున్నాడు. ఇంకో మూడు నెలలకే, 1520 ఏప్రిల్ 6న, గుడ్ ఫ్రైడే రోజు, రఫాయెల్ చనిపోయాడు. 37 ఏళ్లు.

ఆ నేతగాళ్లు ఉన్నదున్నట్టు దించేశారా? లేదు. పేతురు తాళపుచెవుల దృశ్యంలో కార్టూన్‌లోని క్రీస్తు వస్త్రం సాదాగా ఉంటుంది. తెరలో దాని నిండా బంగారు నక్షత్రాలు మెరుస్తాయి. బ్రస్సెల్స్ వాళ్లకు సాదా బట్ట నచ్చదు. అంత పెద్ద వస్త్రం, అంత జరీ చేతిలో పెట్టుకుని ఖాళీగా ఎలా వదులుతారు? రఫాయెల్‌కు ముందు అక్కడి తెరలన్నీ అలాగే ఉండేవి, ఖాళీ లేకుండా మనుషులు, పువ్వులు, బట్టల మీద అల్లికలు. రఫాయెల్ వచ్చి పెద్ద మనుషులు, లోతున్న వీధులు, ఖాళీ ఆకాశం ఇచ్చాడు. నా మటుకు ఆ నక్షత్రాలే ఇష్టం. మగ్గం మీదున్న మనిషి 'ఇది నా పని కూడా' అని చెప్పుకున్న చోటు అది. ప్రభావం మాత్రం రఫాయెల్ వైపు నుంచే ఎక్కువ. కార్టూన్లు అక్కడే ఉండిపోవడంతో వాన్ ఓర్లే లాంటి బ్రస్సెల్స్ డిజైనర్లు వాటిని చూసి తమ పద్ధతే మార్చుకున్నారు.

కాగితం ఎలా గెలిచింది

ఇక్కడే కథ రెండు పాయలైంది. తెరలు రోమ్‌కు వెళ్లాయి, కాగితాలు మగ్గాల దగ్గర ఉండిపోయాయి.

కాగితాలు ఉన్నంత కాలం మళ్లీ మళ్లీ నేయొచ్చు. ఫ్రాన్స్ రాజుకు ఒక సెట్, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఒకటి, మాంటువాలో గొంజాగా కార్డినల్‌కు ఒకటి, స్పెయిన్‌కు ఒకటి. ఫ్రాన్స్ సెట్ సంగతి మొదట్లోనే చెప్పాను. హెన్రీది చేతులు మారి బెర్లిన్ చేరి, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నాశనమైంది. మాంటువా, మాడ్రిడ్ సెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మరి వీటిలో 'అసలు' ఏది? లియోదే మొదటిది. అంతమాత్రాన మిగతావి నకిలీలని అనలేం, అవే కార్టూన్ల సంతతి.

పది కార్టూన్లలో మూడు ఎక్కడో పోయాయి. మిగిలిన ఏడింటిని 1623లో ఇంగ్లండ్ యువరాజు చార్లెస్ జెనోవా నుంచి కొన్నాడు, 300 పౌండ్లకు. కొన్నది గోడకు తగిలించుకోవడానికి కాదు. లండన్ పక్కన మోర్ట్‌లేక్‌లో కొత్తగా పెట్టిన నేత కార్ఖానాకు డిజైన్లు కావాలి. అంటే వంద ఏళ్ల తర్వాత కూడా అవి పనిముట్లే. అదే చార్లెస్ రాజై, 1649లో తల పోగొట్టుకున్నాక ఆయన ఆస్తికి వెల కట్టారు. అందులో హెన్రీ కాలం నాటి అబ్రాహాము కథ తెరలు పదింటికి 8260 పౌండ్లని వెల కట్టారు. రఫాయెల్ కాగితాల కొనుగోలు ధరతో పోల్చి చూడండి. రాజును దించిన పక్షం నాయకుడు క్రామ్‌వెల్ మాత్రం కార్టూన్లను అమ్మకానికి పెట్టకుండా ఆపాడు.

మలుపు ఆ శతాబ్దం చివర్లో వచ్చింది. మూడో విలియం రాజు కాలంలో పట్టీలన్నీ మళ్లీ జోడించి, కాన్వాసు మీద అంటించి, హాంప్టన్ కోర్టు కోటలో వాటి కోసమే భవన శిల్పి క్రిస్టఫర్ రెన్ చేత ఓ గది చేయించారు. అప్పుడు మొదటిసారి వాటిని గోడ మీద, ఫ్రేముల్లో, పెయింటింగుల్లా చూశారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లలో యూరప్‌లో కళ గురించిన ఆలోచనే మారిపోయింది. కళాకారుడి చెయ్యి తగిలిందా లేదా అన్నది ప్రాణమైంది. చెయ్యి తగిలింది కాగితం. తెర మీద తగిలింది ఎవరో పేరు లేని నేతగాళ్ల చేతులు. దాంతో వెల తలకిందులైంది. 1865లో విక్టోరియా రాణి కార్టూన్లను ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి అప్పుగా ఇచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఇప్పటికీ అప్పుగానే.

కాగితం గెలిచింది కదా అని అది చెక్కుచెదరకుండా ఉందనుకోకండి. చేపల కార్టూన్‌లో క్రీస్తు వస్త్రం తెల్లగా ఉంటుంది. కింద నీళ్లలో దాని నీడ చూస్తే ఎర్రటి ఛాయ. రఫాయెల్ పొరపాటు కాదు. వస్త్రానికి వేసిన ఎరుపు వెలుగుకు వెలిసిపోయింది, నీడకు వేసిన రంగు నిలబడింది. తెరల్లోనూ ఇలాంటి ఎగుడుదిగుళ్లే. ఆ కాలపు అద్దకంలో ఆకుపచ్చ అంటే నీలం మీద పసుపు. పసుపు ముందు పారిపోతుంది, అందుకే పాత తెరల్లో చెట్లు నీలంగా ఉంటాయి. జరీ నల్లబడుతుంది. పైగా బొమ్మను పక్కకు పడుకోబెట్టి నేస్తారని చెప్పాను కదా, గోడకు కట్టినప్పుడు పడుగు అడ్డంగా ఉంటుంది, తెర బరువంతా సన్నటి పేక మీద, కుట్టిన చీలికల మీద పడుతుంది. వేలాడే ప్రతి రోజూ అది తనను తాను కొంచెం చింపుకుంటూ ఉంటుంది.

వాటికన్ తెరలు పడ్డ పాట్లకు వెలుగు ఒక్కటే కారణం కాదు. 1521 డిసెంబరులో లియో పోయేసరికి ఖజానా ఖాళీ, తెరలు కొన్ని తాకట్టుకు పోయాయి. విడిపించుకున్నాక 1527లో పవిత్ర రోమన్ చక్రవర్తి అయిదో చార్లెస్ సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు మళ్లీ చెల్లాచెదురయ్యాయి. వాటిలో కొన్నిటిని ఫ్రాన్స్ సేనాధిపతి మాంట్‌మోరెన్సీ 1550లలో తిరిగి పంపాడు. ఎలుమ కళ్లు పోయే తెర సగమే మిగిలింది. 1798లో ఫ్రెంచి వాళ్లు రోమ్‌కు వచ్చినప్పుడు మళ్లీ అమ్ముడుపోయి, 1808లో తిరిగొచ్చాయి. ఫ్రాన్సిస్ సెట్ కాలిపోయిన మర్నాటి ఏడే ఇవీ వ్యాపారుల చేతుల్లో పడ్డాయంటే, కాలకపోవడం అదృష్టమే.

రోమ్ వెళ్లేవాళ్లకు ఒక చిన్న హెచ్చరిక. వాటికన్ మ్యూజియంలో సిస్టీన్‌కు వెళ్లే దారిలో తెరల గ్యాలరీ ఒకటి వస్తుంది. అక్కడ పునరుత్థానం తెర ముందు 'క్రీస్తు కళ్లు మనల్నే చూస్తున్నాయి' అని గైడు చూపిస్తాడు. అందరూ ఫోన్లు తీస్తారు. అవి రఫాయెల్ శిష్యుల కార్టూన్లతో తర్వాత నేసినవి. లియో తెరలు అక్కడ ఉండవు. పినకోతెకా అనే చిత్రశాల భాగంలో, మసక వెలుతురులో, అద్దాల వెనక ఉంటాయి. టూర్ గ్రూపులు టైమ్ లేదని సాధారణంగా అటు పోవు.

2010 సెప్టెంబరులో, పోప్ పదహారో బెనెడిక్ట్ బ్రిటన్ పర్యటన సందర్భంగా, వాటికన్ నాలుగు తెరల్ని లండన్ పంపింది. ఆరు వారాల పాటు వాటిని వాటి కార్టూన్ల పక్కనే కట్టారు. రఫాయెల్ కూడా అలా చూసి ఉండడు. తెరలు రోమ్ చేరేసరికి కాగితాలు బ్రస్సెల్స్‌లో ఉన్నాయి, అవి తిరిగి రాలేదు. 2020 ఫిబ్రవరిలో, ఆయన పోయి 500 ఏళ్లయిన సందర్భంగా, తెరలన్నిటినీ సిస్టీన్ గోడల కింద ఒక వారం పాటు కట్టారు. ఆ వారం చాపెల్‌లోకి వచ్చినవాళ్లకు కింద గోడకు ఆనుకోవడానికి చోటు లేదు. ఫిబ్రవరి 23 తర్వాత దించేశారు. గోడ మీది బొమ్మ తెరలు మళ్లీ కనిపించాయి.